మెడలో నరాలు మూసుకుపోతే... వేరే దారి ఉందా?

ప్రశ్న: మా బాబుకు రెండేళ్లు. నెలల పిల్లాడిగా ఉన్నప్పుడు పేగు మెలిపడితే ఆపరేషన్ చేసి చాలాభాగం తీసేశారు. అప్పట్నుంచీ నరంలో గొట్టం పెట్టి పోషకాలు ఎక్కిస్తున్నారు. ఇప్పటికి నాలుగు గొట్టాలు మార్చారు. మెడలో, తొడల్లో నరాలు మూసుకుపోయాయనీ, ఇక కాలేయం మీదుగా పెట్టాలనీ డాక్టర్లు అంటున్నారు. భయంగా ఉంది. ఒప్పుకోవచ్చా?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మీ భయం సహజమే. మీరు నరాలంటున్నవి నిజానికి సిరలు, అంటే రక్తాన్ని గుండెకు చేర్చే నాళాలు. పోషకాల ద్రావణం గాఢంగా ఉంటుంది. చేతి మీది సన్నటి సిరలు దాన్ని ఎక్కువకాలం తట్టుకోలేవు. అందుకే గొట్టం కొసను గుండె దగ్గరి పెద్ద సిరలో ఉంచుతారు. గొట్టం ఎక్కువకాలం ఉన్నా, తరచూ ఇన్‌ఫెక్షన్లు వచ్చినా రక్తం గడ్డకట్టి సిర పూడుకుపోవచ్చు. పిల్లల్లో సిరలు సన్నం కాబట్టి ఈ ఇబ్బంది ఎక్కువ.

అంతమాత్రాన దారులన్నీ మూసుకుపోయినట్టు కాదు. డాప్లర్ స్కాన్, అవసరమైతే సీటీ లేదా ఎమ్మారై వెనోగ్రామ్ చేస్తే ఏ సిరలు తెరుచుకుని ఉన్నాయో తెలుస్తుంది. కొందరిలో అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, కాలర్ ఎముక పైనుంచి ఛాతీలోని పెద్ద సిరను అందుకోవచ్చు. పూడిన సిరలోకి సన్నటి తీగ పంపి, బెలూన్‌తో వెడల్పు చేసే వీలూ ఉండొచ్చు. ఇవేవీ కుదరనప్పుడే కాలేయంలోని సిర ద్వారా గానీ, నడుము వెనక నుంచి పొట్టలోని పెద్ద సిరలోకి గానీ గొట్టం పంపుతారు. పిల్లలకు మత్తు ఇచ్చే చేస్తారు. రక్తస్రావం కావటం, ఊపిరి కదలికలకూ ఎదుగుదలకూ గొట్టం జరగటం వంటి ముప్పులున్నాయి. కాబట్టి మిగతా మార్గాలన్నీ పరిశీలించారా, పిల్లలకు ఇలా గొట్టాలు అమర్చటంలో అనుభవమున్నవారే చేస్తున్నారా అన్నది అడగండి. అవునంటే ధైర్యంగా ఒప్పుకోవచ్చు.

ఇకపై ఉన్న సిరను కాపాడుకోవటం మరీ ముఖ్యం. చేతులు సబ్బుతో కడుక్కోకుండా గొట్టాన్ని తాకొద్దు. కట్టు తడిసినా, ఊడినా వెంటనే మార్పించండి. జ్వరం, వణుకు వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏ సిరలో ఎప్పుడు గొట్టం పెట్టారో, ఎందుకు తీశారో ఒక పుస్తకంలో రాసి ఉంచండి. రేపు ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ముందుగా అడిగేది అదే.