పట్టుకు ఊరూ పేరూ లేదు

తెలుగు టైటాన్స్ ఓడిన మరునాటి ఉదయం కామారెడ్డిలో రెండు పక్షాలు తయారవుతాయి. కూతకు పోయిన మొనగాడే ముంచాడని మొదటి పక్షం. "ఒక్కడేం జేస్తడు, మిగిలినోళ్ళు నిలబడి చూస్తుంటే?" అని రెండవ పక్షం. స్టేషను దగ్గరి చాయ్ దుకాణంలో మొదలైన ఈ వాదం లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి పోయే బస్సెక్కినా తెగదు. నేను మొదటినుండీ రెండవ పక్షం వాణ్ణే. కాని మా పక్షం వాదన నాకే తృప్తినివ్వదు. "మిగిలినోళ్ళు" అని ఒక్క మాటతో తేల్చేస్తామే గాని, ఆ మిగిలినవాళ్ళు ఎవరు, ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారు, ఏ క్షణాన ఎవరి చెయ్యి జారింది అన్నది మేమూ చెప్పము. చెడుగుడు పుట్టి పెరిగిన నేల మీద నిలబడి కూడా సగం ఆటనే చూస్తున్నామన్నది నా ఫిర్యాదు.

ముందుగా కొన్ని అంకెలు. ప్రో కబడ్డీ 2014లో మొదలయినప్పుడు టైటాన్స్‌కు రాహుల్ చౌదరి ఉన్నాడు. బిజ్నోర్ నుండి వచ్చిన ఆ కుర్రవాణ్ణి మనవాళ్ళు సొంత బిడ్డలాగే చూసుకున్నారు. 2015లో మూడవ స్థానం, 2016లో నాలుగవ స్థానం దక్కాయి. అతడు వెళ్ళిపోయాక 2019లో కోటీ నలభై అయిదు లక్షలు పోసి సిద్ధార్థ్ దేశాయ్‌ని తెచ్చారు. అతడు కూత పాయింట్లు రెండువందలు దాటించాడు. జట్టు పదకొండవ స్థానంలో నిలిచింది. ఆ తరువాతి మూడు పోటీలలోనూ మనది పన్నెండవ స్థానమే, అంటే అట్టడుగు. ప్రతిసారీ 22 ఆటలు ఆడితే మొదట ఒక్కటి, తరువాత రెండు, మళ్ళీ రెండు గెలిచాము. ఆ చివరి రెండూ 2023 వేలంలో రెండు కోట్ల అరవై లక్షలకు పైగా పెట్టి కొన్న పవన్ సెహ్రావత్ నాయకత్వంలో గెలిచినవి. అప్పటికి ఆ పోటీల చరిత్రలోనే అంత ధర పలికిన ఆటగాడు లేడు. అతడు ఆడలేదా అంటే ఆడాడు. అతడి కూత పాయింట్లు కూడా రెండువందలు దాటాయి. జట్టు మాత్రం 19 ఆటలు ఓడింది.

ఇన్ని పాయింట్లు తెచ్చే మనిషి ఉండి జట్టు ఎట్లా మునుగుతుంది? దీనికి జవాబు ఆట నిబంధనలోనే ఉంది. మొనగాడి గురించి వాదించేటప్పుడు దానిని తరచుగా మరచిపోతాము. కబడ్డీలో చచ్చినవాడు తనంతట తాను లేచి రాలేడు. మనవాళ్ళు ఎదుటి పక్షంలో ఒకణ్ణి చంపితే మన పక్షాన ఒకడు బతుకుతాడు. అదీ వరుస ప్రకారం, ముందు చచ్చినవాడు ముందు. బోనస్ గీత తొక్కి తెచ్చిన పాయింటుకు ఎవడూ బతకడు. పవన్ ఒక కూతలో దొరికిపోయి బయట కూర్చున్నాడనుకోండి. అతణ్ణి లోపలికి తేగలిగిన మార్గాలు రెండే: రెండవ కూతగాడు ఎవరినైనా తాకి రావాలి, లేదా ఎదుటి కూతగాణ్ణి మనవాళ్ళు పట్టాలి. రెండవ కూతగాడికి బలం చాలనప్పుడు మిగిలింది పట్టు ఒక్కటే. ఆ పట్టు కుదరకపోతే రెండున్నర కోట్ల మనిషి తువ్వాలు భుజాన వేసుకుని నిమిషాల తరబడి బల్ల మీద కూర్చుంటాడు. మనం ఇళ్ళలో కూర్చుని అతడు ఏమీ చేయలేదని తిడతాము. అతడు ఆడలేకపోవటానికీ, ఆడే అవకాశం రాకపోవటానికీ ఉన్న తేడా పాయింట్ల పట్టికలో కనబడదు.

ఇక పట్టు సంగతి. ఇది కొంచెం విస్తరించి చెప్పాలి, ఓపిక పట్టండి.

ఏడుగురు నిలబడతారు. రెండు మూలల్లో ఇద్దరు కార్నర్లు, వారికి లోపలి పక్కన ఇన్‌లు, తరువాత కవర్లు, నడుమ ఒకడు. వీళ్ళలో చాలామంది జంటలుగా చేతులు పట్టుకుని కదులుతారు. దానినే చైను అంటారు. కూతగాడు ఎడమ మూలకు వచ్చి కాలు చాపాడు. మూలవాడు వంగి మడమ పట్టాడు. టీవీలో మనకు కనబడేది ఇంతే. కాని మడమ పట్టిన చేతులు బలమైన కూతగాణ్ణి అరక్షణం మాత్రమే ఆపగలవు. ఆ అరక్షణంలో పక్కవాడు నడుము మీద పడాలి, కవర్ అడ్డంగా వచ్చి నడిగీత వైపు దారి మూయాలి. కవర్ ఒక అడుగు ఆలస్యమయితే కూతగాడు మూలవాణ్ణి ఈడ్చుకుంటూ పోయి వేలికొస గీతకు తాకిస్తాడు. పోతూ పోతూ, సాయానికి వచ్చిన ఇద్దరినీ కలిపి తీసుకుపోతాడు. లెక్కలో మాత్రం విఫలమైన పట్టు మూలవాడి పేరున పడుతుంది. ఆలస్యమయిన కవర్ పేరు ఏ పట్టికలోనూ ఉండదు. మరునాడు చాయ్ దుకాణంలో తిట్లు తినేది మూలవాడే.

దీనికి తలకిందుల తప్పు ఇంకొకటి ఉంది. మూలవాడు ఇంకా కదలలేదు, కూతగాడు ఇంకా చిక్కలేదు, ఇంతలో కవర్ ఒక్కడే ఆవేశపడి ముందుకు దూకుతాడు. ఆటగాళ్ళు దీనిని అడ్వాన్స్ ట్యాకిల్ అంటారు. ఓడుతున్న జట్టులో ఇది అంటువ్యాధి వంటిది. పక్కవాడు వస్తాడన్న నమ్మకం లేనివాడే ఒంటరిగా దూకుతాడు. అందువల్ల అది ధైర్యంలాగా కనబడినా నాకు బెదురుగానే తోస్తుంది.

మా బావ ఒకాయన టెక్సాసులో ఫ్రిస్కోలో ఉంటాడు. అక్కడి డల్లాస్ కౌబాయ్స్ జట్టుకు వీరాభిమాని. అమెరికా ఫుట్‌బాల్ నాకు చాలాకాలం అర్థం కాలేదు, అర్థం చేసుకునే ఉత్సాహమూ లేదు. ఒకసారి ఆయన అక్కడి వాదాలు వివరిస్తుంటే మాత్రం చెవులు రిక్కించాను. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ముందు అయిదుగురు గోడలాగా నిలబడతారట. మామూలుగా ముందుకు విసిరిన బంతిని అందుకునే హక్కు కూడా ఆ అయిదుగురికి ఉండదు. వారి పని ఎదుటివాళ్ళను ఆపటమే. ఎదుటి జట్టు ఉన్నట్టుండి అలవాటుకు మించిన మందిని మీదికి తోలుతుంది. దాని పేరు బ్లిట్జ్, జర్మను భాషలో మెరుపు అని అర్థం. అప్పుడు ఎవరు ఎవరిని ఆపాలన్నది బంతి కదలక ముందే ఆ అయిదుగురు కేకలతో పంచుకోవాలి. ఆ పంపకం ఎక్కడ తప్పినా ఒకడు ఖాళీగా దూరివచ్చి క్వార్టర్‌బ్యాక్‌ను పడగొడతాడు. పడినవాడిది తప్పని సగం ఊరు, గోడలో ఫలానావాడిది తప్పని మిగతా సగం. నిజానికి ఆ ఫలానావాడు తనకు అప్పగించిన మనిషిని ఆపే ఉంటాడు, అప్పగింతలోనే పొరపాటు ఉంటుంది. ఇదంతా విని "బావా, ఇది మా ఎల్లారెడ్డి ముచ్చటే" అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. వాళ్ళ ఆట పెద్దదట!

మన వాదంలోకి వద్దాము. "అయితే మంచి పట్టుగాళ్ళను కొంటే సరి" అనేవాళ్ళున్నారు. కొన్నారు కూడా. 2022లో టైటాన్స్ పట్టు వరుసలో ఉన్న పేర్లు చూడండి: రవీందర్ పహల్, సుర్జీత్ సింగ్, విశాల్ భరద్వాజ్, పర్వేశ్ భైన్స్‌వాల్. ఈ ఆటను కొంచెం ఎరిగినవాడెవడైనా ఆ నాలుగు పేర్లు విని టోపీ తీస్తాడు. ఆ ఏడు ఓడిన ఆటలు 20. వారిలో ఎవరికీ పట్టు రాదని అనగలమా? విడివిడిగా ఒక్కొక్కడూ గట్టివాడే. చేయి కలపటం మాత్రం వేలంలో అమ్ముడుపోలేదు.

ఇరాన్ ఆటగాడు మొహమ్మద్‌రెజా షాద్లూయి కథ ఇంకా చిత్రంగా ఉంటుంది. మనవాళ్ళు పవన్‌ను కొన్న 2023 వేలంలోనే పుణేరి పల్టన్ రెండు కోట్ల ముప్ఫయి అయిదు లక్షలు పెట్టి ఇతణ్ణి తీసుకుంది. పట్టులో దిట్ట. 2024 మార్చి 1న పుణే మన హైదరాబాదులోనే, గచ్చిబౌలిలో, 28–25తో హర్యానాను ఓడించి పతకం ఎత్తుకుపోయింది. తరువాతి వేలంలో ఇతడు హర్యానాకు పోయాడు, ఆ డిసెంబరులో హర్యానా గెలిచింది. ఇక్కడికి ఆపితే "చూశారా, పట్టుగాణ్ణి కొన్నవాడిదే గెలుపు" అని తీర్పు చెప్పవచ్చు. కాని 2025లో అతణ్ణి గుజరాత్ కొన్నది. ఆ జట్టు మొదటి ఎనిమిదిలో కూడా నిలవలేదు. మనిషి అతడే, పక్కన నిలిచిన ఆరుగురు మారారు.

ఇరాన్ పేరు వచ్చింది కాబట్టి మరొక్క మాట. 1990 నుండి 2014 దాకా ఆసియా క్రీడలలో పురుషుల కబడ్డీ స్వర్ణం మనకు తప్ప ఎవరికీ దక్కలేదు. 2018లో జకార్తాలో ఇరాన్ మనలను సెమీఫైనల్లో 27–18తో ఓడించింది. కూతలో మనకన్నా గొప్పవాళ్ళు వాళ్ళకు ఉన్నారని ఎవరూ అనరు. ఫజల్ అత్రాచలి నడిపించిన పట్టు వరుస ముందు మన మేటి కూతగాళ్ళు పద్దెనిమిది దగ్గరే ఆగిపోయారు.

ఇక మన ఊళ్ళకు. మంజీర ఆయకట్టు పల్లెల్లో దసరాకో సంక్రాంతికో పందేలు పెడితే దిగే జట్లను గమనించండి. చైను పట్టుకునే ఇద్దరు ఎక్కువగా అన్నదమ్ములో, పాలివాళ్ళో, ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళో అయి ఉంటారు. పక్కవాడి ఊపిరి మారితే వాడు దూకబోతున్నాడని వీడికి తెలుస్తుంది. ఎవరూ నేర్పింది కాదు, పదేళ్ళు ఒకే మట్టి మీద పడి లేచినందువల్ల వచ్చింది. అటువంటి జట్టులో పేరు మోసిన ఆటగాడు ఒక్కడూ లేకపోయినా, పట్నం నుండి వచ్చిన కూతగాడు మూడు కూతలకు రెండుసార్లు మట్టి కరవటం నేను కళ్ళారా చూశాను. అయితే ఆ జట్లూ నిలవవు. ఇంటరో డిగ్రీయో కాగానే ఏడుగురిలో ఇద్దరికి దుబాయి వీసా వస్తుంది. మూలవాడు ఉంటాడు, వాడి ఇన్ పోతాడు. కొత్త కుర్రవాడితో చెయ్యి కలవటానికి రెండేళ్ళు పడుతుంది, అప్పటికి మూలవాడికీ వీసా వస్తుంది. అక్కడ వేలం చేసే పని ఇక్కడ గల్ఫు చేస్తున్నది. వేలంలో చెదిరినవాళ్ళకు కనీసం డబ్బన్నా దక్కుతుంది.

కూతగాడయితే ఎక్కడున్నా కనబడతాడు. ఒక్క ఆటలో పది పాయింట్లు తెస్తే వాడి వీడియో రాత్రికి రాత్రి జిల్లా అంతా తిరుగుతుంది. కవర్‌గా నిలబడి పదేళ్ళు దారి మూసినవాణ్ణి ఎవరు గుర్తు పడతారు? టైటాన్స్ జట్టులో తెలుగు పేర్లు ఎప్పుడు చూసినా వేళ్ళ మీద లెక్కపెట్టవలసిందే. అందుకు మన కుర్రవాళ్ళకు చాప మీద బూట్లతో ఆడే అలవాటు తక్కువ కావటం, హర్యానాలో వలె ఊరూరా శిక్షణ లేకపోవటం కారణాలని చెబుతారు. ఒప్పుకుంటాను. వాటితో పాటు ఎంపికలో చూసే చూపునూ తప్పు పడతాను. ఎవరికి వారే అయిన కుర్రవాళ్ళను పిలిచి, కలగాపులగంగా ఏడుగురిని నిలబెట్టి, కూత పెట్టించి చూస్తే కూతగాడి సత్తా తెలుస్తుంది గాని పట్టుగాడిది తెలియదు. వాడి సత్తాలో సగం వాడి పక్కవాడి దగ్గర ఉంటుంది.

2024లో క్రిషన్ కుమార్ హుడా శిక్షకుడిగా వచ్చాక టైటాన్స్ 12 ఆటలు గెలిచింది. నడుమ పవన్ గాయపడి బయట ఉన్నప్పుడు కూడా గెలిచింది. అంకిత్, అజిత్ పవార్ వంటి పట్టుగాళ్ళను 2025కు కూడా నిలుపుకున్నారు. పవన్ లేకుండానే, విజయ్ మలిక్ నాయకత్వంలో, ఆ అక్టోబరులో ఫైనలుకు ఒక్క ఆట దూరం దాకా పోయారు. ఆ ఆటలో పుణే చేతిలో 50–45తో ఓడారు. మరునాడు మా మొదటి పక్షంవారికి మాట రాలేదు, ఎందుకంటే నలభై అయిదు తెచ్చినవాళ్ళను తిట్టలేరు. పైగా మొదట్లో పైచేయి మనదే. పుణే కుర్రవాడు ఆదిత్య శిందే ఒక్కడే ఇరవైకి పైగా పాయింట్లు తీసుకుపోతుంటే మన చైను తెగిన చోట్లు ఏవన్నది ఆ రోజు మాట్లాడుకోవలసిన విషయం. "చివర్లో అదృష్టం బాగలేదు" అని లేచిపోయారు.

కూత లేనిదే ఆట లేదని నాకూ తెలుసు. పాయింట్లలో పెద్ద వాటా కూతదే, చూడటానికి అందమూ దానిదే, పిల్లలు అనుకరించేదీ దానినే. నేను కోరేది చిన్నది. జట్టు వారు రెండు పట్టు జంటలనైనా మూడేళ్ళు చెదరగొట్టకుండా ఉంచాలి. ఎంపికకు పిలిచేటప్పుడు ఎల్లారెడ్డి నుండో లింగంపేట నుండో ఒక మూలవాణ్ణి పిలిస్తే, వాడి పక్కన పదేళ్ళుగా నిలబడుతున్నవాణ్ణి కూడా అదే బస్సులో రమ్మనాలి. ఇద్దరి దారిఖర్చులూ కలిపినా పవన్ ధరలో వెయ్యోవంతు కూడా కాదు.