సేవ ఖాతాలో లాభం వెతక్కండి

కంపెనీ ఊరికి మంచి చేస్తే కంపెనీకే మంచి జరుగుతుందట. బిజినెస్ స్కూళ్ల పాఠాల్లో, వార్షిక నివేదికల మొదటి పేజీల్లో, వాటర్ ప్లాంటు రిబ్బన్ కత్తిరించే సభల్లో అదే మాట. సామాజిక బాధ్యత ఖర్చు కాదు, పెట్టుబడి అంటారు. దీనివల్ల పేరు పెరుగుతుంది, పేరుతో అమ్మకాలు పెరుగుతాయి, అమ్మకాలతో లాభం పెరుగుతుంది అని లెక్క చెబుతారు. వినడానికి ఎవరికీ కష్టం కలిగించని మాట కాబట్టే దీన్ని ఎవరూ గట్టిగా అడ్డుకోలేదు. పాలకీడు మండలంలో నిలబడి చూస్తే మాత్రం ఈ వరస తలకిందులుగా కనిపిస్తుంది.

సూర్యాపేట జిల్లా దక్షిణపు అంచున, కృష్ణ ఒడ్డున ఉన్న మండలం ఇది. 2016లో జిల్లాలు విడదీసేదాకా నేరేడుచర్ల మండలంలో భాగం. భక్తులకు జాన్‌పహాడ్ సైదులు దర్గా ఉర్సుతో తెలుసు, సిమెంటు వ్యాపారులకు భవానీపురంలోని డెక్కన్ సిమెంట్స్‌తో తెలుసు. అటు మఠంపల్లి, మేళ్లచెరువు, చింతలపాలెం, ఇటు దామరచర్ల మండలంలోని వాడపల్లి, గణేశ్‌పహాడ్ దాకా నేల కింద సున్నపురాయి, నేల మీద చిమ్నీలు. సామాజిక బాధ్యత కంపెనీ పనితీరును మారుస్తుందా అన్న ప్రశ్నకు పరీక్ష పెట్టాలంటే ఇంతకన్నా తగిన చోటు దొరకదు.

ముందు చట్టం సంగతి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నికర విలువ 500 కోట్లో, టర్నోవర్ 1,000 కోట్లో, నికర లాభం 5 కోట్లో, ఈ మూడింటిలో ఏ ఒక్కటి దాటినా, అంతకుముందు మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సేవకు పెట్టాలి. ఇక్కడ చూడాల్సింది ఒకటే: ఏది ముందు, ఏది వెనక. లాభం వచ్చాకే 2 శాతం లెక్క తేలుతుంది. లాభాలున్న కంపెనీలు ఎక్కువ ఖర్చు పెట్టాయని పట్టికలో కనిపిస్తే, సేవ వల్ల లాభం వచ్చిందని ఎలా అంటాం? ఆదాయపన్ను ఎక్కువ కట్టేవాళ్లంతా ధనవంతులే, కనుక పన్ను కడితే ధనవంతులవుతారు అన్నట్టుంది ఈ వాదన.

సిమెంటు లాభం ఎక్కడ తేలుతుందో చూద్దాం. ఏడాదికి 10 లక్షల టన్నులు అమ్మే ఫ్యాక్టరీ ఒకటి ఉందనుకోండి, సగటు లాభం 20 కోట్లు అనుకోండి. అది సేవకు పెట్టాల్సింది 40 లక్షలు. టన్నుకు 50 కిలోల బస్తాలు ఇరవై. బస్తా మీద ధర పది రూపాయలు అటూ ఇటూ అయితే టన్నుకు 200, ఏడాదికి 20 కోట్లు. అంటే మార్కెట్లో పది రూపాయల కదలిక ఆ కంపెనీ ఏడాది లాభాన్ని తుడిచేయనూగలదు, రెట్టింపు చేయనూగలదు. దాని ముందు 40 లక్షల సేవ ఎంత ప్రభావం చూపిందో విడిగా తూచే తక్కెడ ఏదీ లేదు. బొగ్గు ధర, కరెంటు చార్జీ, లారీ కిరాయి, పోలవరం గానీ హైదరాబాద్ అపార్ట్‌మెంట్లు గానీ పుట్టించే గిరాకీ, ఇవీ ఫలితాన్ని నిర్ణయించేవి. ఇల్లు కట్టుకునేవాడు కొట్టు దగ్గర మేస్త్రీని పక్కన పెట్టుకుని ఏం అడుగుతాడు? గ్రేడు ఎంత, తయారీ తేదీ ఎప్పటిది, స్లాబ్‌కు పనికొస్తుందా, లోడు తీసుకుంటే ఎంత తగ్గిస్తారు. ఈ కంపెనీ ఏ బడికి బెంచీలు ఇచ్చిందని అడిగినవాణ్ణి ఏ డీలరూ చూసి ఉండడు.

పరిశోధనలు వేరేలా చెబుతున్నాయని ఎవరైనా అనొచ్చు. చెబుతున్నాయి, నిజమే. కానీ స్వచ్ఛందంగా ఇచ్చే దేశాల్లో లెక్కలు తీస్తే, మిగులున్నవాడే ఇస్తాడన్న చిక్కు వదలదు. మన చట్టం ఆ చిక్కు విప్పేందుకు ఒక అవకాశం ఇచ్చింది, ఎందుకంటే ఇష్టంతో పని లేకుండా గీత గీసి ఖర్చు పెట్టించింది. హరిఓం మంచిరాజు, శివరామ్ రాజ్‌గోపాల్ 2017లో ప్రచురించిన అధ్యయనంలో, చట్టం బలవంతాన ఖర్చు పెట్టాల్సివచ్చిన కంపెనీల షేరు ధర సగటున 4.1 శాతం పడిందని తేల్చారు. ధమ్మిక ధర్మపాల, విక్రమాదిత్య ఖన్నా అధ్యయనంలో ఇంకో ముచ్చట ఉంది: అంతకుముందే 2 శాతానికి మించి ఇస్తున్న కంపెనీలు చట్టం వచ్చాక తగ్గించుకున్నాయి. అది నిజంగా లాభం తెచ్చే పెట్టుబడే అయితే తగ్గించుకోవడం ఎందుకో?

చట్టం రాసినవాళ్లకే ఈ పెట్టుబడి సిద్ధాంతం మీద నమ్మకం లేదు. నిబంధనల ప్రకారం కంపెనీ మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పని సామాజిక బాధ్యత కిందికి రాదు. ఉద్యోగులకు మాత్రమే పనికొచ్చేది రాదు. మార్కెటింగ్ ప్రయోజనం కోసం చేసే స్పాన్సర్‌షిప్ రాదు. పన్ను లెక్కలో దీన్ని వ్యాపార ఖర్చుగా చూపించడానికి ఆదాయపన్ను చట్టం 2014 నుంచే ఒప్పుకోవడం లేదు. వ్యాపారానికి పనికొస్తే ఆ ఖాతాలో రాయడానికి వీల్లేదని చట్టం అంటుంటే, వ్యాపారానికి పనికొస్తుందనే చేయండని సలహాదారులు అంటున్నారు.

తెలుగువాళ్లు సత్యం కంప్యూటర్స్ కథ మరిచిపోకూడదు. ఆ కంపెనీ అధిపతి రామలింగరాజు కుటుంబం స్థాపించిన బైర్రాజు ఫౌండేషన్ పల్లెల్లో నీళ్లు, వైద్యం, చదువు మీద పనిచేసింది. 108 అంబులెన్సు 2005లో ఆయన చలవతోనే హైదరాబాద్‌లో మొదలైంది. 2008లో ఆ కంపెనీకి కార్పొరేట్ పాలనలో గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. 2009 జనవరి 7న తప్పు ఒప్పుకుంటూ రాజు రాసిన ఉత్తరం బయటపడితే ఖాతాల్లో 7,000 కోట్లకు పైగా లేని సొమ్ము తేలింది. సేవను చూసి కంపెనీని నమ్మినవాళ్లు మునిగారు. అయినా 108 ఆగలేదు, జీవీకే చేతికి వెళ్లి నడిచింది, ప్రాణాలు కాపాడింది. కంపెనీ కూలినంత మాత్రాన అంబులెన్సు విలువ తగ్గలేదు, అంబులెన్సు పరిగెత్తినంత మాత్రాన కంపెనీ నిలబడలేదు.

అవతలివాళ్ల దగ్గర గట్టి మాట ఒకటుంది, దాన్ని దాటేయకూడదు. ఊరు సహకరిస్తే లారీలు ఆగవు, ప్రజాభిప్రాయ సేకరణలో గొడవ ఉండదు, విస్తరణకు అనుమతి సాఫీగా వస్తుంది, అదే లాభం అంటారు. లాభమే, కాదనను. కానీ అప్పుడు దాని పేరు సేవ కాదు, ఊరి నోటికి కట్టే వెల. బ్లాస్టింగ్‌కు గోడ బీటలు పడ్డ ఇంటాయన సభలో లేచి మాట్లాడబోతే, నీళ్ల ప్లాంటు ఇచ్చారు కదా అని పక్కవాళ్లే కూర్చోబెట్టే పరిస్థితి అందులోంచే పుడుతుంది. ప్లాంటు ఒకరి ఖాతా, గోడ ఇంకొకరి ఖాతా. రెంటినీ చెల్లుకు చెల్లు చేయడానికి వీల్లేదు.

పెట్టుబడి మాట నమ్మితే నష్టపోయేది చివరికి ఊరే. పెట్టుబడి అన్నాక రాబడి లేనిచోట మానేస్తారు. లాభం తగ్గితే ఆ తర్వాతి ఏళ్లలో 2 శాతమూ తగ్గుతుంది. పోయిన ఏడాది చట్టం పెట్టిన మూడు పరిమితుల కిందకూ జారిన చిన్న కంపెనీ అసలేమీ ఇవ్వక్కర్లేదు. దుమ్ము మాత్రం లాభం చూసుకుని లేవదు. టన్ను క్లింకర్‌కు సుమారు టన్నున్నర సున్నపురాయి కావాలి, ఆ రాయి నష్టాల ఏడాదిలోనూ అదే గుంటలోంచి, అదే రోడ్డు మీద వస్తుంది. ఇంకో సంగతి: ప్రభుత్వానికి ఇచ్చే సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) ఫారంలో పని ఎక్కడ చేశారన్న చోట రాష్ట్రం, జిల్లా అడుగుతారు. సూర్యాపేట అని రాస్తే సరిపోతుంది. ఆ డబ్బు పాలకీడుకు వచ్చిందా, తుంగతుర్తికి వెళ్లిందా ఆ గడిలో తెలియదు.

దీనికి భిన్నమైన లెక్క చట్టంలోనే ఇంకోచోట ఉంది. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. సున్నపురాయి మీద టన్నుకు 80 రూపాయల రాయల్టీ. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజు అయితే రాయల్టీతో పాటు దానిలో 30 శాతానికి సమానమైన మొత్తం, అంటే 24 రూపాయలు, ఆ నిధికి చేరాలి. పైన చెప్పుకున్న ఫ్యాక్టరీ 12 లక్షల టన్నుల రాయి తవ్విందనుకుంటే 2 కోట్ల 88 లక్షలు. లాభం వచ్చినా రాకపోయినా. 40 లక్షల సేవకు ఫ్లెక్సీలు కడతారు, దానికి ఏడింతలున్న ఈ డబ్బు గురించి గ్రామసభలో అడిగేవాళ్లు తక్కువ. పాలకీడు, మేళ్లచెరువు జనం నిలదీయాల్సింది ఆ నిధి ఎన్ని ఊళ్లకు, ఏ పనికి వెళ్లిందని, ప్రతి ఏడూ, పద్దుల వారీగా. కంపెనీ తనంతట తాను బడికి గది కట్టిస్తే కట్టించనీ, సంతోషమే. దాని షేరు పెరిగిందా పడిందా అన్న చర్చ హైదరాబాద్‌లో పెట్టుకోవచ్చు. క్వారీ రోడ్డు మీద ట్యాంకరుతో నీళ్లు చల్లడం, బీటలు పడ్డ గోడకు పరిహారం ఇవ్వడం మాత్రం ఆ చర్చ తేలేదాకా ఆగే పనులు కావు.