నలభైకి ముందే ఆగితే

ముప్పై ఐదేళ్లకే నెలసరి ఆగిపోతే ఇంట్లో ముందుగా వినిపించే మాట 'టెన్షన్ వల్లేలే'. ఆ మాటే ప్రమాదకరం. నలభై లోపు స్త్రీలలో నూటికి ముగ్గురు నలుగురికి అండాశయాలు ముందే అలసిపోతాయని 2024 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాల అంచనా. చాలామందిలో కారణం దొరకదు. కొందరిలో మాత్రం దోషి సొంత రోగనిరోధక వ్యవస్థే.

నిజానికి అండం విడుదల కావడమే ఓ చిన్న గాయం. అక్కడ వాపు వస్తుంది, తగ్గుతుంది. చచ్చిన కణాలను ఊడ్చేసేది రోగనిరోధక కణాలే. అదుపు తప్పితే ఆ కాపలాదారులే హార్మోన్లు తయారుచేసే కణాల మీద పడతాయి. దాడి అక్కడితో ఆగకపోవచ్చు: థైరాయిడ్, అరుదుగా అడ్రినల్ గ్రంథి. అడ్రినల్ దెబ్బతింటే ప్రాణానికే ముప్పు.

'ఇమ్యూనిటీ' పొడులు ఆగిన అండాశయాన్ని మళ్లీ నడిపిస్తాయనడానికి ఆధారం లేదు (వాటి ప్రకటనలకు మాత్రం లోటు లేదు). ఎముకలు, గుండె కోసం దాదాపు యాభై ఏళ్ల వరకు హార్మోన్ చికిత్స కావాలి. అది సరిపడని వాళ్లూ ఉంటారు, డాక్టరే తేల్చాలి.

రాయపూర్‌లో ఉంటే, టాటీబంధ్ ఎయిమ్స్‌లో స్త్రీల విభాగానికి ఓపీ చీటీ తీసుకుని, ఎఫ్ఎస్‌హెచ్‌తోపాటు థైరాయిడ్, అడ్రినల్ యాంటీబాడీల పరీక్షల గురించీ అడగండి.