మిడత పిట్ట ఇంటిపేరు

పిల్లలూ! మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, సొంతపేరు తరవాత వస్తుంది. పక్షులకు శాస్త్రజ్ఞులు పెట్టే లాటిన్ పేర్లు కూడా అలాగే ఉంటాయి. మొదటి మాట ప్రజాతి పేరు. అది ఇంటిపేరు వంటిది. రెండవ మాట ఆ పిట్ట సొంతపేరు. ఒక ప్రజాతిలోని పక్షులన్నీ దగ్గిర చుట్టాలన్నమాట. మరి ఎప్పుడూ పొదల్లో దాగి, కంటికే కనిపించని పిట్టకు ఇంటిపేరు నిర్ణయించటం ఎలా?

అటువంటి పిట్టల ప్రజాతి ఒకటి ఉన్నది. దాని పేరు లోకస్టెల్లా. ఆ మాటకు "చిన్న మిడత" అని అర్థం. ఈ ప్రజాతికి చెందిన ఒక పిట్ట మిడత లాగా చాలాసేపు ఆగకుండా కిర్రుమంటుంది. అందుకే ఆ పేరు వచ్చింది. అది 13 సెంటీమీటర్ల పొడవుండే గోధుమరంగు పిట్ట. గడ్డి దుబ్బుల మధ్య ఎలుకలాగా పరుగెడుతూ పురుగులను ఏరుకు తింటుంది.

ఇంగ్లండులోని సెల్బోర్న్ గ్రామంలో గిల్బర్ట్ వైట్ అనే మతగురువు ఉండేవాడు. ఆయన 1768లో ఈ పిట్టను గురించి ఒక ఉత్తరం రాశాడు. అది నూరు గజాల దూరాన కూస్తున్నా, పక్కనే ఉన్నట్టు వినిపిస్తుందట! ఆ చప్పుడు చేసేది పక్షి అని ఆయన చెబితే, ఊళ్ళోవాళ్ళు నవ్వేవారట. వాళ్ళు దాన్ని మిడత చప్పుడే అనుకున్నారు.

పూర్వం శాస్త్రజ్ఞులు పక్షుల ఈకలూ, రెక్కలూ, తోకలూ కొలిచి వాటిని ప్రజాతులుగా విడదీసేవారు. ఆసియా కొండల్లో, ఆఫ్రికా చిత్తడి నేలల్లో కొన్ని గోధుమరంగు పొదపిట్టలున్నాయి. వాటన్నిటికీ పొట్టి రెక్కలు, వెడల్పాటి తోకలు ఉన్నాయి. అందుచేత అవన్నీ ఒకే ఇంటివని తలచి, వాటిని బ్రాడిప్టెరస్ అనే మరొక ప్రజాతిలో చేర్చారు.

తరవాత డి.ఎన్.ఏ.ను పరీక్షించటం సాధ్యమయింది. డి.ఎన్.ఏ. అంటే, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే లక్షణాలను జీవకణాలలో దాచి ఉంచే పదార్థం. ఒక విధంగా అది వంశవృక్షం రాసిన పుస్తకం. 2011లో వెలువడిన ఒక పరిశోధనలో ఆ పుస్తకం చదివి చూస్తే, ఆసియా పొదపిట్టలలో చాలావాటికి దగ్గిర చుట్టాలు ఆఫ్రికా పిట్టలు కావని, మిడత పిట్టలేనని తేలింది! అంచేత అవి ఇంటిపేరు మార్చుకుని లోకస్టెల్లాలో చేరాయి.

మరి చుట్టరికం లేకపోతే ఆ పోలిక ఎలా వచ్చింది? దట్టమైన పొదల్లో దూరి తిరిగే పిట్టకు పొడుగు రెక్కలు అడ్డం. నీడలో దాగటానికి గోధుమరంగు అనుకూలం. ఒకే రకమైన బతుకు వేరు వేరు వంశాల పిట్టలను ఒకేలా తీర్చిదిద్దింది. ఒకే బడి దుస్తులు వేసుకున్నంత మాత్రాన పిల్లలందరూ అన్నదమ్ములు కారు గదా!

దీనికి తారుమారుగా కూడా జరుగుతుంది. చైనా కొండల్లో రెండు రకాల పొదపిట్టలు చూడటానికి దాదాపు ఒక్కలాగే ఉంటాయి. కాని వాటి పాటలు వేరు. ఒకటి జుయ్యిమని సాగదీసి, చివర టిక్కుమంటుంది. అలాగే మళ్ళీ మళ్ళీ పాడుతుంది. రెండవదాని పాట అలా ఉండదు. ఈ తేడా పట్టుకుని డి.ఎన్.ఏ. పరీక్షించగా, ఆ రెండూ సుమారు 8,50,000 సంవత్సరాల క్రితమే విడిపోయాయని అంచనా తేలింది. 2015లో ఆ మొదటి పిట్టకు లోకస్టెల్లా చెంగీ అని పేరు పెట్టారు. చైనా పక్షిశాస్త్రజ్ఞుడు చెంగ్ త్సో-సిన్ గౌరవార్థం పెట్టిన పేరది. అన్నేళ్ళుగా కంటిని మోసగించిన పిట్టను చెవి పట్టి ఇచ్చింది!

సెల్బోర్న్‌లో వైట్ విన్న మిడత పిట్ట జాతి చలికాలంలో మన దేశానికి కూడా వస్తుంది. అప్పుడది సాధారణంగా పాడదు. గడ్డిలో దాగి పురుగులు తింటూ కాలక్షేపం చేస్తుంది. అయినా మన పొదల్లో కూసే పిట్టలకు కొదవ లేదు. ఈసారి పొద పక్క నుంచి వెళ్ళేటప్పుడు రాయి విసరకండి. ఒక్క నిమిషం కదలకుండా నిలబడి, చెవి ఒగ్గి వినండి. లోపల ఉన్నది ఎవరో, బహుశా అదే చెబుతుంది!