పక్క రాష్ట్రం చలానా: కట్టాలా, కొట్లాడాలా?

"వెయ్యి రూపాయలే గదా, కట్టేసి రారా. ఆ ఊళ్లో మనకెవరున్నారు?"

పక్క రాష్ట్రంలో చలానా పడ్డ డ్రైవరుకు ఓనరు చెప్పే మాట ఇది. టీ కొట్టు కాడ కలిసినోళ్లు చెప్పే మాటా ఇదే. మన సంఘాల్లో కొందరు పెద్దలు కూడా ఇదే పాట అందుకుంటున్నారు. "భూమి కేసులున్నాయి, అట్రాసిటీ కేసులున్నాయి, అవన్నీ వదిలి చలానాల వెంట పడతామా?" అని అడుగుతున్నారు. అడగనీయండి. జవాబు చెప్పాల్సిన ప్రశ్నే ఇది.

ముందు రోడ్డు మీద ఎవరున్నారో చూడండి. మదనపల్లి టమాటా చెన్నై కోయంబేడుకు పోతుంది. కర్నూలు మిర్చి కర్ణాటకలో బ్యాడగికి పోతుంది. పాలమూరు కూలీలు ముంబైకి, పూణేకి పోతారు. ఈ బండ్లల్లో ఎన్నింటికి స్టీరింగ్ మాల మాదిగ పేటల పిల్లల చేతిలో ఉందో మీ ఊళ్లో మీరే లెక్కేసుకోండి. సెంటు భూమి లేనోడికి లైసెన్సే పట్టా. స్టీరింగ్ మన చేతిలో ఉంది, ఆర్సీ మాత్రం వాళ్ల పేరున ఉంది. లాభం వచ్చినప్పుడు బండి ఓనరుది, చలానా వచ్చినప్పుడు తప్పు డ్రైవరుది! ఇదెక్కడి న్యాయం?

దూరమే అసలు జుల్మానా

చలానా అంటే శిక్ష కాదు, ఆరోపణ. "నువ్వు ఈ తప్పు చేశావని మేమంటున్నాం" అని రాసిచ్చిన కాగితం. దాని మీద రెండు దార్లున్నాయి. అడిగింది కట్టి అక్కడితో తెంచుకోవడం ఒకటి. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 200 ఈ రాజీకి వీలిస్తుంది. "నేను ఒప్పుకోను" అని కోర్టులో తేల్చుకోవడం రెండోది. ఈ రెండో దారి ఉన్నదని రోడ్డు మీద ఆపిన సారు చెప్పడు. ఓనరూ చెప్పడు.

సరే, ఒప్పుకోననే అనుకుందాం. తప్పు ఎక్కడ జరిగిందంటారో ఆ ఊరి కోర్టులోనే విచారణ. వెయ్యి రూపాయల చలానా చెన్నైలో పడితే చెన్నైకే పోవాలి. పోనూ రానూ చార్జీ, పోయిన రెండు రోజుల బత్తా, తిండి, వకీలు ఫీజు. మొదటి వాయిదాకే వెయ్యి దాటిపోతుంది. రెండో వాయిదాకు ఓనరు ఇంకో డ్రైవర్ని పెట్టుకుంటాడు. అదే చలానా చెన్నైలో కాపురమున్నోడికి పడితే ఒక పూట సెలవు పెట్టి పోయొస్తాడు. చట్టం ఇద్దరికీ ఒకటే, జుల్మానా ఒకటే. కొట్లాడే ఖర్చు మాత్రం ఒకడికి ఒక పూట, ఇంకొకడికి నెల జీతంలో సగం. అంటే పక్క రాష్ట్రంవాడు తప్పు చేసినా చేయకపోయినా కట్టాల్సిందేనని దూరమే తీర్పు చెప్పేస్తోంది. మన అభ్యంతరమంతా ఈ తీర్పు మీదే.

దారిలో ఒంటరివాణ్ణి చేసి లొంగదీయడం మనకు కొత్త కాదు. 1901లో అంబేద్కర్ చిన్నపిల్లవాడు. అన్నతో, అక్క కొడుకులతో కలిసి తండ్రి పనిచేసే ఊరికి బయల్దేరాడు. మసూరు స్టేషన్లో దిగితే, అంటరాని పిల్లలని తెలిసి బండివాళ్లు రామన్నారు. రెండింతలు డబ్బిచ్చి, బండి తామే తోలుకుంటామంటే ఒకడు ఒప్పుకున్నాడు. రాత్రి టోలు వసూలు చేసేవాడి గుడిసె కాడ ఆగి, ముసల్మానులమని చెప్పుకుని నీళ్లడిగినా చుక్క పుట్టలేదు. ఎక్కువ డబ్బు కట్టించుకుని తక్కువ మర్యాద ఇవ్వడం ఆనాటి రోడ్డు నీతి. ఈనాడు టోలుగేటు కాడ ఫాస్టాగ్ ఉంటే గేటు లేస్తుంది, నిజమే. అయినా భాష రాని ఊళ్లో, అర్ధరాత్రి, యూనిఫాం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ డ్రైవరుకు ఆ ఒంటరితనం ఏంటో అడగండి, చెప్తాడు.

చట్టంలో మనకున్నదేంటి?

ఉన్నది తక్కువేం కాదు. మనకు చెప్పేవాళ్లే లేరు.

ఒకటి: కాగితాలు చూపించమని అడిగే పోలీసు యూనిఫాంలో ఉండాలి. 2018 నవంబరు నుంచి కాగితాలు ఫోన్లో, అంటే డిజిలాకర్లోనో ఎంపరివాహన్లోనో చూపించినా చెల్లుతాయి. లైసెన్సు తీసేసుకుంటే దానికి బదులు చీటీ రాసివ్వాలి. ఆ చీటీలో రాసిన గడువు దాకా బండి నడుపుకోవచ్చు. ఇది సెక్షన్ 206.

రెండు: కెమెరా చలానాకు రుజువుండాలి. 2021 ఆగస్టులో కేంద్రం తెచ్చిన నిబంధనల్లో ఫొటో, అందులో నంబరు ప్లేటు, తేది, టైము, చోటు, ఏ సెక్షన్ కింద తప్పో ఉండాలని రాశారు. కెమెరా ఉందని రోడ్డు మీద ముందే బోర్డు పెట్టాలని కూడా రాశారు. ఫొటోలో ఉన్నది నీ బండేనా? నంబరు సరిగ్గా చదివారా? ఆ రోజు ఆ ఊళ్లో ఉన్నావా? ఇవి చూడకుండా కట్టడమంటే చదవని కాగితం మీద వేలిముద్ర వేయడమే.

మూడు: కోర్టు సమన్లు వస్తే ప్రతిదానికీ నువ్వే పోనక్కర్లేదు. జైలు శిక్ష లేని కేసుల్లో నువ్వైనా రావచ్చు, వకీలునైనా పంపొచ్చు అని సమన్ల మీదే రాయాలని సెక్షన్ 208 చెప్తోంది.

నాలుగు: ఆ వకీలుకు డబ్బులెక్కడివి? 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టంలో సెక్షన్ 12 చదివించుకోండి. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో ఆ ఆఫీసు ఉంటుంది. ఫోను నంబరు 15100. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఎస్సీ జాబితా రాష్ట్రానికొకటి. "మీ రాష్ట్రం సర్టిఫికెట్టు ఇక్కడ చెల్లదు" అని అక్కడివాడు మెలిక పెట్టొచ్చు. అదే సెక్షన్ కింద ఆదాయం తక్కువున్నోళ్లకూ హక్కుంది కాబట్టి కులం సర్టిఫికెట్టుతో పాటు ఆదాయం సర్టిఫికెట్టు కూడా పెట్టుకోండి. ముందు మన జిల్లా ఆఫీసులోనే అర్జీ ఇచ్చి, అక్కడికి రాసి పంపమని పట్టుబట్టండి.

ఏది కట్టాలి, దేని మీద కొట్లాడాలి?

అన్నింటి మీదా కొట్లాడమని మేం చెప్పడం లేదు. అలా చెప్పేవాడు వాయిదాకు మనతో బస్సెక్కడు. హెల్మెట్ పెట్టుకోలేదు, సిగ్నల్ దాటావు, ఫొటో ఉంది, చేసింది నిజం. అలాంటప్పుడు కట్టు. హెల్మెట్ నీ తల కోసం, ఎస్సై కోసం కాదు. కానీ రసీదు తీసుకుని కట్టు. రసీదు లేకుండా ఇచ్చింది జుల్మానా కాదు, మామూలు. అది ఇచ్చినా చలానా అక్కడే ఉంటుంది, ఇంకో రోజు ఇంకొకడు మళ్లీ అడుగుతాడు.

కొట్లాడాల్సినవి వేరే ఉన్నాయి.

బండి నీది కానప్పుడు. ఊరు దాటని స్కూటరుకు వందల మైళ్ల అవతలి నగరం నుంచి చలానా వస్తే, ఎవడో నీ నంబరు వాడుతున్నాడు, లేదా కెమెరా తప్పు చదివింది. వందే గదా అని కట్టావంటే ఆ నంబరుతో వాడు చేసేవన్నీ నీ నెత్తికొస్తాయి. వెంటనే నీ ఊరి స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు కాగితం తీసుకో.

లైసెన్సుకు ముప్పున్నప్పుడు. డ్రైవరుకు లైసెన్సు పోతే పొలం పోయినట్టే. ప్రమాదం జరిగి, నడపడం ప్రమాదకరంగా ఉందని కేసు రాస్తే, వకీలును అడగకుండా "ఒప్పుకుంటున్నా" అనొద్దు. ఆ ఒక్క మాట రేపు నష్టపరిహారం కేసులో నీ మీదికే తిరుగుతుంది.

ఇక అన్నింటికన్నా పెద్దది ఓవర్‌లోడు. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకొచ్చిన సవరణ ప్రకారం జుల్మానా 20,000 రూపాయలు, పైగా ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000. ఎక్కువ లోడు దించేదాకా బండి కదలకూడదు, దించిన ఖర్చూ మన మీదే. కాటాకు రానంటే 40,000. ఈ లోడు ఎక్కించింది ఎవరు? డ్రైవరా? సెక్షన్ 194 ఏమంటోందో చూడండి: నడిపినోడే కాదు, నడిపించినోడు, నడవనిచ్చినోడు కూడా శిక్షకు అర్హుడే. చట్టంలో ముగ్గురున్నారు. రోడ్డు మీద ఒక్కడే దొరుకుతాడు. ఆ ఒక్కడు మనోడే! అందుకే లోడెత్తిన చోట కాటా చీటీ అడిగి జేబులో పెట్టుకో. ఎక్కువ లోడు వేయమని ఓనరు ఫోన్లో చెప్పిన మాట దాచుకో. చలానా రాసే బ్రేకు ఇన్‌స్పెక్టరును ఓనరు పేరు కూడా రాయమను. రాయకపోతే కోర్టులో అదే అడుగు.

మొదటి కోర్టు ఓనరు గుమ్మం

కెమెరా చలానా మెసేజీ ఆర్సీలో ఉన్న ఫోనుకు, అంటే ఓనరుకు పోతుంది. ఓనరు కట్టేస్తాడు, నెలాఖరున జీతంలో కోస్తాడు. చలానా ఎప్పుడు పడిందో, ఎందుకు పడిందో డ్రైవరుకు తెలియనే తెలియదు. కట్టాలా, కొట్లాడాలా అని తేల్చింది ఒకడు, డబ్బు పోయింది ఇంకొకడిది. జీతగాడి గింజల్లోంచి ఎద్దు తిన్నది కోసుకున్న పాత దొరతనానికీ దీనికీ తేడా ఏముంది? చలానా చూపించకుండా, ఫొటో చూపించకుండా, డ్రైవరు మాట వినకుండా జీతం కోయకూడదు. ఇంత మాత్రం ఊళ్లోనే తేల్చుకోవచ్చు. దీనికి చెన్నై పోనక్కర్లేదు, నలుగురు డ్రైవర్లు కలిసి ఓనరు గుమ్మం ముందు నిలబడితే చాలు.

ఇంకో మాట. జుల్మానా అంటే దేవుడు రాసిన రాత అని భయపడేవాళ్లకు చెప్తున్నాం. 2019లో కేంద్రం రేట్లు పెంచగానే ఆ నెలలోనే గుజరాత్, కర్ణాటక ప్రభుత్వాలు చాలా వాటిని తగ్గించాయి. 2022 మార్చిలో తెలంగాణలో పాత చలానాలు టూవీలర్లకు నాలుగో వంతు కడితే చాలన్నారు, తోపుడు బండ్లకు ఐదో వంతన్నారు. అంటే తోపుడు బండి మీద కూడా చలానాలు రాశారన్న మాట! 2023 ఫిబ్రవరిలో కర్ణాటక సగానికి సగం తగ్గించింది. పండక్కి చీరల మీద ఇచ్చినట్టు డిస్కౌంటు! నగరంలో కార్లున్నోళ్లు అడిగితే సర్కారు దిగొస్తుంది. రోడ్డు పక్కన బండి ఆపేసి, "కట్టందే కదలదు" అంటే పూర్తి డబ్బు కట్టేది పరాయి రాష్ట్రం డ్రైవరు. అడిగే బలం ఎవరికుందో వాళ్లకే రాయితీ.

పెద్దలకు మా జవాబు

చలానా చిన్న సంగతి అంటున్న పెద్దలారా, భూమి కేసులో మనం ఓడేది ఎక్కడ? కాగితం అడగకపోవడం దగ్గర, రసీదు తీసుకోకపోవడం దగ్గర, వాయిదాకు ఒంటరిగా పోలేక మానేయడం దగ్గర. చలానాలోనూ ఓడేది అక్కడే. "ఏ సెక్షన్ సార్?" అని రోడ్డు మీద అడగడం నేర్చుకున్న కుర్రాడు రేపు ఎమ్మార్వో ఆఫీసులోనూ అడుగుతాడు. వెయ్యి రూపాయల దగ్గర తల దించుకోవడం నేర్పి, ఎకరం దగ్గర తలెత్తమంటే ఎత్తుతాడా?

కాబట్టి ప్రతి మండల సంఘం ఒక పుస్తకం పెట్టాలి. మన డ్రైవర్లకు ఏ రాష్ట్రంలో, ఏ చోట, ఏ చలానా పడిందో అందులో రాయాలి. ఒకే చెక్‌పోస్టు మీద పది ఫిర్యాదులుంటే అది ఒక్కడి చలానా కాదు, పది మందికి ఒకే వకీలు చాలు. ఫోన్లో చలానా అని వచ్చిన లింకు నొక్కొద్దని, దాంతో దొంగలు బ్యాంకు ఖాతా ఖాళీ చేస్తున్నారని చెప్పాలి. ప్రభుత్వ సైటులో బండి నంబరు కొట్టి చూసుకున్నాకే నమ్మాలి. నోటీసు మీదున్న గడువు ఎర్ర సిరాతో రాసుకోవాలి. గడువు దాటితే నిజం కూడా చెల్లదు.

సర్కారును మూడు అడగాలి. పక్క రాష్ట్రం చలానా మీద కొట్లాడేవాడికి తన జిల్లా కోర్టు నుంచే వీడియోలో విచారణ జరగాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ చట్టం విచారణను ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరపొచ్చని చెప్తూనే ఉంది. జుల్మానా కట్టించుకోవడానికి ఫోను పనికొస్తుంది గానీ, మా మాట వినడానికి పనికిరాదా? రెండోది, చలానా డ్రైవరుకు అర్థమయ్యే భాషలో ఉండాలి. మూడోది, ఓవర్‌లోడు కేసులో ఓనరు పేరు లేకుండా డ్రైవరు మీద చలానా రాయకూడదు.

అప్పటిదాకా అన్నలారా, తమ్ముళ్లారా, బండెక్కే ముందు ఇవి గుర్తుపెట్టుకోండి. రసీదు లేని రూపాయి ఇవ్వొద్దు. చదివించుకోని కాగితం మీద సంతకం పెట్టొద్దు. కట్టాలో కొట్లాడాలో డబ్బు పోయేవాడే తేల్చుకోవాలి. తేల్చుకునే ముందు సంఘానికి ఒక ఫోను కొట్టాలి.

ఆ ఊళ్లో మనకెవరున్నారని అడుగుతున్నారు గదా. చెన్నైలో, బెంగళూరులో, ముంబైలో మనలాంటి పేటలు లేవా? అక్కడా మన సంఘాలు లేవా? వెతుక్కుంటే ఉన్నారు. వెతుకుదాం.