డాక్టరు దగ్గర దాచొద్దు

కడుపుతో ఉన్న సంగతి మూడో నెల దాటేదాకా బయటపెట్టకూడదని మన ఇళ్లలో ఒక పట్టింపు. దిష్టి తగులుతుందని కొందరు, నిలుస్తుందో లేదోనని కొందరు. ముప్పై ఎనిమిదేళ్ల ఆవిడకైతే దానికి నామోషీ కూడా తోడవుతుంది. ఇంటర్ చదివే కూతురుండగా మళ్లీ నీళ్లోసుకోవడమేమిటని ఇరుగుపొరుగు నవ్వుతారేమోనని భయం. చుట్టాలకు చెప్పకపోతే వచ్చే నష్టమేమీ లేదు. డాక్టరుకు చెప్పకపోతేనే ప్రాణం మీదికొస్తుంది.

ముప్పై ఐదు దాటిన గర్భానికి వారాల లెక్క చాలా ముఖ్యం. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ లాంటి సమస్యల ముప్పును అంచనా వేసే ఎన్‌టీ స్కాన్ 11 నుంచి 14 వారాల లోపే తీయాలి. బీపీ ముప్పు ఎక్కువగా ఉన్నవారికి డాక్టర్లు తక్కువ మోతాదు ఆస్పిరిన్ రాస్తారు, అది 16 వారాల లోపు మొదలుపెడితేనే ఎక్కువ మేలు. బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ ఐదో నెలలో. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ వచ్చే అవకాశం తల్లికి 35 ఏళ్లప్పుడు సుమారు 350లో ఒకటి, 40కి వచ్చేసరికి వందలో ఒకటి. అంటే నలభైలోనూ చాలామందికి ఆ సమస్య రాదు. వచ్చినవారికి మాత్రం ఆలోచించుకునే వ్యవధి దొరకాలి. నాలుగో నెల చివర్లో ఆసుపత్రి గడప తొక్కితే ఈ వారాల్లో చాలా భాగం చేజారిపోయినట్టే.

ప్రతి నెలా 9న సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టరు ఉచితంగా చూసే పథకం 2016 నుంచి ఉంది. ముప్పున్నవారి కార్డు మీద ఎర్ర స్టిక్కరు అంటిస్తారు. అది చూసి బెంబేలెత్తక్కర్లేదు. కాన్పు ఎక్కడో ముందే తేల్చుకోమని దాని అర్థం. అయితే ‘ఈ వయసులో ఎందుకమ్మా నీకు?’ అని పదిమందిలో గదమాయించే సిబ్బందీ ఉన్నారు. ఆ మాట పడ్డావిడ మరుసటి నెల రాదు. ఇది మర్యాద విషయం మాత్రమే కాదు, ఆవిడ వైద్యం అక్కడితో ఆగిపోతుంది.

సందు చివరి నర్సింగ్‌హోమ్ డాక్టరమ్మ చెయ్యి మంచిదే కావచ్చు. అర్ధరాత్రి రక్తస్రావమైతే రక్తం ఎక్కడి నుంచి తెస్తారు? మత్తు డాక్టరు ఎంతసేపట్లో వస్తారు? నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను ఎక్కడ ఉంచుతారు? ఏడో నెలకల్లా ఇవి అడిగేయాలి. ఆమె నొచ్చుకుంటుందేమోనన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు.

తొలి కాన్పు పుట్టింట్లోనే అన్న ఆచారం ఇంకో చిక్కు. పెళ్లి ఆలస్యమై, ఐవీఎఫ్‌తో నలభైలో కడుపు పండిన కూతుర్ని సీమంతం కాగానే తల్లి ఊరికి తీసుకెళ్తుంది. ఆ తల్లికీ డెబ్బై దగ్గర పడుతుంటాయి. మొదటి నుంచీ చూసిన డాక్టరు హైదరాబాద్‌లో, ఫైలు బట్టల సంచి అడుగున. కొత్త డాక్టరు చేతికి ఆ ఫైలు అందేది నొప్పులు మొదలయ్యాకే. అమ్మే వచ్చి కూతురి దగ్గరుంటే ఈ తిప్పలుండవు.

ఐవీఎఫ్ గురించి ఒక మాట. 2019లో గుంటూరులో డెబ్బై దాటిన ఒకావిడ కవలల్ని కంటే అందరూ అద్భుతమన్నారు. 2021లో వచ్చిన చట్టం మహిళలకు ఈ చికిత్సను 50 ఏళ్లకు పరిమితం చేసింది. నా దృష్టిలో అది సరైన పనే. యాభై లోపు వారైనా పిండం పెట్టించుకునే ముందే గుండె, బీపీ, షుగరు చూపించుకోవాలి. ఒక్క పిండమే పెట్టడం కుదురుతుందేమో అడగాలి. కవలలైతే తల్లికి ముప్పు ఇంకా పెరుగుతుంది.

కాన్పయ్యాక ఇంటిల్లిపాదీ బిడ్డ చుట్టూ చేరతారు. తల్లి బీపీ మాత్రం ఆరు వారాల దాకా ఎప్పుడైనా ఎగబాకవచ్చు. బాలింత తలనొప్పంటే గాలి సోకిందని చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ బిగించి పడుకోబెడతారు. తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, ముఖం ఉబ్బడం, వీటిలో ఏది కనిపించినా ముందు బీపీ చూపించండి. 140/90కి చేరితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి. ఆమెకు కాన్పై ఎన్ని రోజులైందో అక్కడి డాక్టరుకు ముందుగా చెప్పండి.