రక్తం మాది, రిపోర్టు ఎవరిది?

థైరాయిడ్ పరీక్ష చేయించుకుని వచ్చిన స్త్రీని ఏం తేలిందని అడగండి. "నాకు థైరాయిడ్ ఎక్కువగా వుందట" అంటుంది. చాలామంది ఈ మాటే అంటారు. నిజానికి ఆమెకు వున్నది ఎక్కువ కాదు, తక్కువ. గొంతు దగ్గర వుండే థైరాయిడ్ గ్రంథి చెయ్యాల్సినంత హార్మోను చెయ్యడం లేదు. ఎక్కువగా వున్నది కాగితం మీది టి.ఎస్.హెచ్. అనే అంకె. ఆ టి.ఎస్.హెచ్. థైరాయిడ్ నుంచి వచ్చేది కాదు. మెదడు అడుగున వుండే పిట్యూటరీ గ్రంథి నుంచి వస్తుంది. థైరాయిడ్ వెనకబడినప్పుడు పిట్యూటరీ దాన్ని ఇంకా చెయ్యి, ఇంకా చెయ్యి అని అదిలిస్తుంది. అదిలింపు ఎంత గట్టిదైతే అంకె అంత పెద్దది.

ఇంత చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. పదేళ్లుగా మాత్ర మింగుతున్న మనిషికి ఆ రెండు నిమిషాలు ఎవరూ ఇవ్వలేదంటే అది తీరిక లేకపోవడం కాదు. ఆమెకు తెలియాల్సిన పని లేదనుకోవడం. రక్తం ఇచ్చింది ఆమె. రిపోర్టు చూసి డాక్టరు మాట్లాడేది మాత్రం పక్కన కూర్చున్న భర్తతో. "ఈమెకు రోజూ పొద్దున్నే ఇది వెయ్యండి" అంటాడు, పశువుకు దాణా గురించి చెప్పినట్టు!

అసలు పరీక్షదాకా రావడమే ఒక పోరాటం. ఒళ్లు బరువెక్కడం, తీరని అలసట, చలికి ఓర్వలేకపోవడం, మలబద్ధకం, జుట్టు రాలడం, మతిమరుపు, దిగులు, ముట్టు ఎక్కువగా కావడం - ఇవీ లక్షణాలు. వీటిలో ఒక్కటైనా ఇంట్లో జబ్బుగా లెక్కకొస్తుందా? అలసటకు సోమరితనమని పేరు, బరువుకు తిండిపోతుతనమని పేరు, దిగులుకు పొగరని పేరు. ఇంటి చాకిరీ చేసే ఆడదానికి ఒళ్లు నొప్పులు మామూలే కదా అని అత్తే కాదు, కన్నతల్లీ అంటుంది. కొత్త జబ్బేమీ కాదిది. 1870లలో ఇంగ్లండులో విలియం గల్ అనే వైద్యుడు దీని గురించి రాసినప్పుడు స్త్రీల గురించే రాశాడు. 1891లో జార్జ్ మరే గొర్రె థైరాయిడ్ రసంతో ఒక స్త్రీకి వైద్యం చేస్తే ఆమె మరో 28 ఏళ్లు బతికింది. ఇప్పుడు మనం వేసుకునే థైరాక్సిన్‌ను 1927లోనే ప్రయోగశాలలో తయారు చేశారు. మన దేశంలో అది అత్యవసర మందుల జాతీయ జాబితాలో వుంది. అంటే మందు కొరత కాదు. 2013లో ప్రచురితమైన సర్వే ఒకటి హైదరాబాదుతో సహా 8 నగరాల్లో చూస్తే ఈ సమస్య మగవాళ్లలో 5 శాతం మందికి, ఆడవాళ్లలో దాదాపు 16 శాతం మందికి కనిపించింది. ఇంతమందికి వున్న జబ్బు కాబట్టే పట్టించుకోలేదా, లేక ఇంతమంది ఆడవాళ్లకు వున్నది కాబట్టా?

సరే, కాగితం చేతికొచ్చింది. ఏం చూడాలి? టి.ఎస్.హెచ్. పెద్దవాళ్లలో సుమారు 0.4 నుంచి 4 దాకా మామూలు. లాబును బట్టి కొంచెం మారుతుంది, ఆ హద్దులు పక్కనే అచ్చేసి వుంటాయి. దాని పక్కన చూడాల్సింది ఫ్రీ టి4. టి.ఎస్.హెచ్. బాగా పెరిగి, ఫ్రీ టి4 తగ్గితే జబ్బు ఖాయం, మాత్ర కావాలి. టి.ఎస్.హెచ్. 6, 7 వుండి ఫ్రీ టి4 మామూలుగా వుంటే తొందర పనికిరాదు. రెండు మూడు నెలలాగి మళ్లీ చేయిస్తే చాలామందికి అది దానంతటదే సర్దుకుంటుంది. 10 దాటితే సాధారణంగా వైద్యం మొదలుపెడతారు. గర్భవతి, గర్భం కోసం చూస్తున్న స్త్రీ - వీళ్ల లెక్క వేరు, వీళ్ల విషయంలో ఆగకూడదు. టి3తో ఈ జబ్బులో దాదాపు పని లేదు. అయినా అది "ప్యాకేజీ"లో వుంటుంది, మరో అరవై పరీక్షలతో కలిపి. పండగ తగ్గింపు ధరకు ఒళ్లంతా పరీక్ష చేసి, నక్షత్రం గుర్తు పడ్డ అంకె చూపించి, 30 ఏళ్ల మనిషికి జీవితాంతం మాత్ర అంటగట్టేవాళ్లున్నారు. లక్షణాలు చెప్తే వినకపోవడం, జబ్బు లేకపోయినా రోగిని చెయ్యడం - రెండింటి వెనకా వున్నది ఒకటే: ఆమెను అడగకపోవడం.

టి.ఎస్.హెచ్. ఒక్కటే చూసి "అంతా నార్మల్" అని పంపేస్తే ఎంత ప్రమాదమో తెలియాలంటే కాన్పులో విపరీతంగా రక్తం పోయిన స్త్రీల దగ్గరికి వెళ్లాలి. అంత రక్తం పోయినప్పుడు పిట్యూటరీయే దెబ్బతినొచ్చు. షీహాన్ సిండ్రోమ్ అంటారు దీన్ని. అదిలించాల్సిన గ్రంథే చచ్చుబడితే టి.ఎస్.హెచ్. ఎలా పెరుగుతుంది? థైరాయిడ్ హార్మోను పడిపోయినా ఆ అంకె మామూలుగానే కనిపించొచ్చు. ఆమెకు పాలు పడవు, ముట్టు తిరిగి రాదు, ఏళ్లు గడిచేకొద్దీ నీరసించిపోతుంది. "కాన్పయ్యాక ఇలా అయిపోయింది" అని ఇల్లు సరిపెట్టుకుంటుంది. ఈమెకు ఫ్రీ టి4 చెయ్యాలి, కార్టిసాల్ చూడాలి. కార్టిసాల్ లోటు సరిచెయ్యకుండా థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే ప్రాణం మీదికి వస్తుంది. ఇది తేల్చడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు, మొదట ఒక ప్రశ్న చాలు: "అమ్మా, నీ కాన్పు ఎలా జరిగింది?"

గర్భసంచి సంగతి కూడా ఇక్కడే మాట్లాడుకోవాలి. థైరాయిడ్ తగ్గితే ముట్టు విపరీతంగా అవుతుంది. అలసట, బరువు, చలి తోడైతే ముందు రక్తపరీక్ష చెయ్యాలని వైద్యవిద్యార్థికీ తెలుసు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8. వీళ్లలో ఎంతమందికి ముందుగా థైరాయిడ్ చూశారు? కొన్ని వందలతో అయిపోయే పరీక్షను వదిలేసి వేల రూపాయల ఆపరేషనుకు బల్ల ఎక్కించడం వైద్యమా, వ్యాపారమా? అనవసరమైన గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను 3 నెలల్లో అమలు చెయ్యాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. కత్తికి ముందు ఏ పరీక్షలు చేశారో ఆపరేషను చెయ్యబోయే ప్రతి ఆసుపత్రినీ మనం అడగాలి.

మాత్ర వేసుకుంటున్నా అంకె దిగకపోతే తిట్లు మొదలు: "సరిగ్గా వేసుకోవట్లేదు!" ఎలా వేసుకోవాలో చెప్పారా? పరగడుపున నీళ్లతో వేసుకుని అరగంట, వీలైతే గంట, టీ గానీ పాలు గానీ ముట్టకూడదు. ఐరన్, కాల్షియం మాత్రలకూ దీనికీ మధ్య 4 గంటలుండాలి. గర్భవతులకు ప్రభుత్వమే ఐరన్, కాల్షియం ఇస్తుంది. మూడూ కలిపి ఒకేసారి మింగితే థైరాయిడ్ మాత్ర సరిగ్గా ఒంటికి పట్టదు. ఆ తప్పు ఎవరిది? పొద్దున్నే లేచి ఇంటిల్లిపాదికీ టీలు పెట్టే మనిషికి తన గంట ఎక్కడిది? రాత్రి తిన్న 3 గంటల తర్వాత వేసుకున్నా పనిచేస్తుందని ఆమెకు చెప్పినవాళ్లు తక్కువ. మోతాదు మార్చాక 6 నుంచి 8 వారాలు ఆగితేగానీ టి.ఎస్.హెచ్. కుదురుకోదు. రెండు వారాలకే మళ్లీ పరీక్ష రాస్తే లాభం లాబుకే. జుట్టు కోసం వాడే బయోటిన్ కొన్ని పద్ధతుల్లో అంకెల్నే తారుమారు చేస్తుంది. పరీక్షకు రెండు రోజుల ముందే ఆపాలి.

కొందరి రిపోర్టులో టి.ఎస్.హెచ్. పెరిగి వుంటుంది, ఫ్రీ టి4 మాత్రం నిండుగా వుంటుంది. నెలంతా మానేసి పరీక్షకు నాలుగు రోజుల ముందు మింగితే తరచు ఇలా వస్తుంది. అది చూడకుండా మోతాదు పెంచితే గుండెదడ, ముట్లుడిగినవాళ్లకు ఎముకల అరుగుదల. ఎందుకు మానేసిందని అడిగితే పెళ్లి దగ్గర తేలుతుంది. పెళ్లిచూపుల్లో దాచిపెట్టిన మాత్రను అత్తగారింట్లో ఎలా వేసుకుంటుంది? సూట్‌కేసు అడుగున చీర మడతల్లో వుంటుందది. బీపీ మాత్ర వేసుకునే మగవాడు దాన్ని డైనింగ్ టేబుల్ మీదే పెట్టుకుంటాడు!

నెల తప్పగానే "గర్భంతో మందులేంటి" అని మానిపించే పెద్దవాళ్లకు ఒక మాట. అప్పుడు ఆ మాత్ర అవసరం తగ్గదు, పావువంతు నుంచి సగందాకా పెరుగుతుంది, అదీ మొదటి వారాల నుంచే. బిడ్డకు మొదటి నెలల్లో కావాల్సిన థైరాయిడ్ హార్మోను తల్లి నుంచే రావాలి. నెల తప్పిందని తెలిసిన రోజే డాక్టరును కలిసి మోతాదు మార్పించుకోవాలి, సగం నెలలు గడిచేదాకా 4 వారాలకోసారి పరీక్ష చేయించుకోవాలి. ఇది పెళ్లయిన కొత్తలోనే ఆమెకు తెలిసి వుండాలి.

"చదువురానివాళ్లకు ఇవన్నీ ఏం అర్థమవుతాయి" అంటారు. పొదుపు సంఘంలో నూటికి రెండు రూపాయల వడ్డీని నోటిలెక్కతో తేల్చే స్త్రీకి రెండంకెలు అర్థం కావా? చదువుకున్నామె అడిగితే "గూగుల్ చూసి వచ్చావా" అని ఇంకో రకం వెటకారం. చట్టం ఇంత గందరగోళంగా లేదు. అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళి చెప్తోంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారు చేసిన రోగుల హక్కుల పత్రాన్ని అమలు చెయ్యమని 2019లో కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రాలకు రాసింది. మత్తులో వున్న స్త్రీకి బదులు ఆమె తల్లి ఒప్పుకున్నా ఆ ఒప్పుకోలు చెల్లదని 2008లోనే సుప్రీంకోర్టు తేల్చింది. తల్లికే లేని హక్కు భర్తకు ఎక్కడి నుంచి వచ్చింది?

రిపోర్టు తెలుగులో కావాలి. అంకె పక్కన అది ఎక్కువో తక్కువో, అంటే ఏమిటో ఒక్క వాక్యం కావాలి. ప్రభుత్వ లాబులు ముందుగా ఈ పని మొదలుపెట్టొచ్చు, అచ్చు ఖర్చు పెద్దగా పెరగదు. ఈలోగా మనం చెయ్యగలిగింది మనం చేద్దాం. పాత రిపోర్టులు పారెయ్యకుండా తారీఖుల వరసలో పెట్టుకుందాం, ఒక్కోదాని మీద అప్పుడు వేసుకుంటున్న మోతాదు రాసుకుందాం. ఇప్పుడు రిపోర్టులు ఫోన్లకే వస్తున్నాయి కదా - రక్తం ఇచ్చేటప్పుడు కౌంటరు దగ్గర మగవాళ్ల నంబరు కాదు, మన నంబరే రాయిద్దాం.